గాలి లేని పది రోజులు

అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండేళ్లు వచ్చాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా మాట వినవు. రాయడం కూడా నత్తనడకే. తప్పులుంటే దిద్దుకుని చదవండి, కోప్పడకండి. ఇది దోహాలోని నజ్మాలో ఒక మెస్సులో వంట చేసిన రోజుల్లో, శుక్రవారం భోజనాల దగ్గర విన్న కథ.

జలంధర్‌ది దోహా పక్కనే లుసైల్‌లో క్రేన్ కింద డ్యూటీ. అక్కడ జరిగే ఫుట్‌బాల్ వరల్డ్ కప్పుకు అప్పటికింకా మూడేళ్లుంది. పైనున్న డ్రైవర్‌కు కింద నిలబడి చేతులతో సైగలు చేయాలి. ఎత్తు, దించు, ఆపు. గాలి లేచిందా, పని బంద్. తొమ్మిదేళ్లు ఆ పని చేసినవాడికి మంచి వాతావరణం అంటే ఒక్కటే, గాలి లేకపోవడం.

అతనికి ఇంకో డ్యూటీ ఉంది. అది ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. జగిత్యాల పక్క పల్లెలో ఉన్న ఎకరంన్నర చేనును దోహా నుంచి ఫోన్లో సాగుచేయడం. ఎండలో వంగి పనిచేసేది భార్య రాణి. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు కోయాలో హుకుం మాత్రం ఇతనిది.

ఆ ఏడు మినుము కోతకొచ్చింది. జలంధర్ సైటు ఆఫీసులో సేఫ్టీ చూసే నిరంజన్ దగ్గరికి వెళ్లాడు. నిరంజన్‌ది కాకినాడ. రోజూ పొద్దున్నే గాలి వేగం బోర్డు మీద రాసేది అతనే.

"సార్, మా దిక్కు ఎట్లుంటదో జర చూడరాదుండ్రి."

నిరంజన్ కంప్యూటర్ చూసి చదివాడు. "ఉత్తర తెలంగాణ మైదాన ప్రాంతం. పది రోజులు వర్షం లేదు. ఆకాశం నిర్మలం. గాలి దాదాపు ఉండదు. అబ్బ, ఎంత చక్కటి వాతావరణమయ్యా! ఇలాంటిది మనకి ఇక్కడ దొరికితే మూడు రోజుల పని ఒక్క రోజులో అయిపోతుంది."

జలంధర్ ఆ సాయంత్రమే క్యాంప్ రూములో స్పీకర్ పెట్టి ఫోన్ కొట్టాడు. పక్క మంచాల మీద లియాఖత్ అలీ, గంగాప్రసాద్ చెవులు రిక్కించారు.

"రాణీ, రేపే మినుము కోయించు. పది రోజులు వాన లేదు, గాలి లేదు."

"గాలి లేకుంటే తూర్పార ఎట్ల పడతరయ్యా? నాలుగు రోజులాగి, గాలి చూసి కోద్దాం."

"గాలి గురించి నాకు జెప్తవానే? ఇక్కడ నేను గాలి చూసి జెప్తేనే క్రేన్ కదులుతది!"

"సరే, కోయిస్త. గని ఈపారి నీ లెక్క తప్పితే, ఇగ ఈ చేను మాట నువ్వెత్తద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న!"

"సాక్షులం మేమున్నం చెల్లే," అన్నాడు లియాఖత్ అలీ.

కోత అయింది. కళ్లంలో ఎండబెట్టి, ట్రాక్టరుతో తొక్కించి కుప్ప పోశారు. ఇక చేటతో ఎత్తి పోస్తే గాలికి పొట్టు ఎగిరిపోవాలి, గింజ కింద పడాలి. గాలేదీ? చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు. వాతావరణం వాళ్లు చెప్పింది చెప్పినట్టే, వెంట్రుకవాసి తప్పకుండా జరిగింది.

ఐదో రోజు రాణి వీడియో ఫోన్ చేసింది. ఎత్తుపీట మీద నిలబడి, "ఇగో చూడు నీ మంచి వాతావరణం," అని చేటతో ఎత్తి పోసింది. పొట్టు నిదానంగా దిగి ఆమె నెత్తి మీదే కూర్చుంది.

జలంధర్ చేతులు అలవాటుగా లేచాయి. "జర పైకి... ఇంకా పైకి... స్లోలీ... ఆఁ, వదులు!"

మళ్లీ నెత్తి మీదే.

"అన్నా, వదినను క్రేన్ అనుకుంటున్నవా ఏంది?" అని గంగాప్రసాద్ మంచం మీద పడి నవ్వాడు.

రోజూ బోర్డు మీద సున్నా చూసి సంబరపడే మనిషి, ఇప్పుడు ఊరి చెట్ల ఆకులు కదలాలని మొక్కసాగాడు. ఎనిమిదో రోజు గాలి లేచింది, కానీ లుసైల్‌లో. ఇసుక రేగి క్రేన్లన్నీ ఆగిపోయాయి. అందరూ నీడకు చేరి చాయ్ తాగుతుంటే జలంధర్ ఒక్కడే బయట నిలబడి గాలిని తిట్టాడు. "ఈడేం పని నీకు? జగిత్యాలకు పో! యల్లా, నడువ్!"

తొమ్మిదో రోజు రాణి ఎవరినీ అడగలేదు. గణపతి నిమజ్జనమైపోయి మండపంలో పెద్ద ఫ్యాను ఖాళీగా ఉంటే, బండి మీద వేయించుకొచ్చి బోరుమోటరు దగ్గర కరెంటు పెట్టింది. పొద్దు గుంకేలోపు మినుములన్నీ సంచుల్లోకెక్కాయి.

"వాన రాలేదు గద! నేను జెప్పినట్టే..." అని మొదలుపెట్టాడు జలంధర్.

"వాన రాలే. గాలి గూడ రాలే. మాట యాదికున్నదా?"

ఇద్దరు సాక్షులూ అతని ముఖమే చూస్తున్నారు. "ఉన్నది," అన్నాడు.

మర్నాడు ఫోన్ చేశాడే గానీ ఏం మాట్లాడాలో తెలియలేదు. 'బోరు' అనబోయి నోరు మూసుకున్నాడు. 'ఎరువు' అనబోయి దగ్గాడు. తిన్నవా అంటే తిన్న అంది. అంతటితో మాటలు అయిపోయాయి.

చివరికి రాణే అంది. "తొమ్మిదేండ్లాయె. ఈడి వానలు, ఈడి ఎండలు జెప్పుడే గని, నువ్వున్నకాడ ఎట్లున్నదో ఒక్కనాడన్న జెప్పినవా?"

"ఎట్లుంటది? ఎండ."

"ఎంత ఎండ?"

"పగటీలి ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాల్తది. ఎండలకని మధ్యాహ్నం ఇచ్చే ఇరామం గూడ పోయిన నెలతోని అయిపాయె."

రాణి గొంతు మారింది. "నీడకు నిలబడి సైగ జెయ్యరాదు?"

"నీడకుంటే డ్రైవర్‌కు కనబడనే."

"గొడుగు పట్టుకో."

"రెండు చేతులు సైగలకే సరిపోతయి. గొడుగు దేంతోని పట్టుకోవాలె?"

"మీ సార్‌కు ఫోనియ్యి. నేను మాట్లాడుత."

"యా అల్లా! జలంధర్ భాయ్, చేను పాయె, ఇప్పుడు క్రేన్ గూడ పాయె!" అన్నాడు లియాఖత్ అలీ.

తెల్లారి నిరంజన్ బోర్డు మీద గాలి వేగం రాస్తుంటే, జలంధర్ వెనక నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చేతిలో ఫోన్ వెలుగుతోంది.

"సార్... మా ఇంటామె. మీతోని జర మాట్లాడుతదట."

— గంగామణి, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది కోరుట్లలో.