రెండంగుళాల పైపు మందం

తన భార్యను చంపింది బావమరిదే. ఫిట్టర్‌కు ఆ విషయంలో అనుమానం లేదు. ఎవరికైనా ఉంటే వినే ఓపికా లేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే కర్మాగారంలో ఆమెది ఆవిరి ఇస్త్రీ యంత్రం. దానికి ఆవిరి తెచ్చే పైపు బిగించింది ఫిట్టర్. ఆ పైపు స్టోర్లోంచి తీసిచ్చింది ఆమె సొంత తమ్ముడు, స్టోర్ కీపర్. మందం పైపు కావాలని చీటీ రాస్తే పల్చటిది ఇచ్చాడు. పదకొండో రోజున, బిగింపు కోసం చివర తీసిన మర దగ్గర పగిలింది, సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా.

ఏడు నెలలుగా బావకూ బావమరిదికీ మాటల్లేవు. ఆ ఆదివారం పొద్దున కూతురు మామయ్యను వెంటబెట్టుకొచ్చింది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కూర్చోమను. స్టోర్లో కుర్చీకి అతుక్కుపోయిన ప్రాణం, నిలబడితే కందిపోతుంది" అన్నాడు ఫిట్టర్ గోడవైపు చూస్తూ.

కూతురిదీ స్టోర్లోనే పని. సంచిలోంచి రెండు పైపు ముక్కలు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది.

"కొలిచి చూడు నాన్నా."

"రెండంగుళాల పైపు గురించి నువ్వు నాకు పాఠం చెప్తావా?"

"నాకు చెప్పింది నువ్వేగా."

నిజమే. రెండంగుళాలన్నది పేరు మాత్రమేనని, బయట కొలిస్తే ఎప్పుడూ అరవై మిల్లీమీటర్లే వస్తుందని, మందం పెంచితే లోపలి బోలు తగ్గుతుందే తప్ప ఒళ్లు పెరగదని, లేకపోతే పైపులను కలిపే సాకెట్టు ఒకటే అన్నిటికీ పట్టదని కూతురు బడికి పోయే రోజుల్లోనే నేర్పాడు. కొలిచే కాలిపర్ తీసి రెంటినీ పట్టి చూశాడు. రెండూ అరవయ్యే.

"చూశావుగా. పైకి తేడా లేదు. నాకెలా తెలుస్తుంది?"

"మేనేజరు పంపిన కాగితంలోనూ అదే ఉంది. రేపు విచారణలో నువ్వది సంతకం పెట్టి ఇస్తే తప్పంతా స్టోరుదై మామయ్య ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ."

స్టోర్ కీపర్ గొంతు సవరించుకున్నాడు. "రెండు రకాలూ ఒకే స్టాండు మీద పెట్టించింది నేనే బావా. కాదనను. ఉద్యోగం పోతే పోయింది. కానీ అక్కను నేనొక్కణ్ణే చంపానని అనకు. ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను."

కూతురు రెండు ముక్కల మూతులూ తండ్రివైపు తిప్పింది. ఒకదాని గోడ మందం అయిదున్నర మిల్లీమీటర్లు. రెండోదానిది నాలుగు కూడా లేదు.

"కోసింది నువ్వు. మర తీసింది నువ్వు. మూతి నీ కళ్లెదుటే ఉంది. చూడలేదా?"

ఆ పైపు కోసిన రోజు రంపం ఇట్టే దిగిపోయింది. మర తీసేసరికి సగం గోడ చెక్కుకుపోయి గోరంత మిగిలింది. అతని చెయ్యి ఆగింది. వెనకనుంచి భార్య కేకేసింది: "ఇంకెంతసేపయ్యా? దుప్పట్లు నా నడుం ఎత్తయ్యాయి. పైపు బిగిస్తున్నావా, నాకు వడ్డాణం చేస్తున్నావా?" యంత్రాల దగ్గర ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. మళ్లీ స్టోరుకి వెళ్లి, మళ్లీ చీటీ రాసి తెచ్చుకోవాలి. నెలాఖరున యంత్రాలు ఆపినప్పుడు మార్చొచ్చులే అనుకున్నాడు. బిగించేశాడు.

"చూశాను" అన్నాడు.

స్టోర్ కీపర్ గుమ్మంలోనే చతికిలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"అయితే అదే రాసివ్వు నాన్నా."

"రాస్తే, చూసి కూడా ఎందుకు బిగించావంటారు. మీ అమ్మ తొందరపెట్టిందని చెప్పాలి."

"అమ్మ మాటెందుకు? చూశానని రాస్తే చాలు."

ఫిట్టర్ అలమరలోంచి మేనేజరు పంపిన కాగితం తీశాడు. పైపు మందం బయటి కొలతను బట్టి తెలియదని రాసి ఉంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పల్లెటూరి బళ్లో దిద్దిన గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా, వాళ్లిద్దరి ఎదుటే సంతకం పెట్టాడు.

స్టోర్ కీపర్ గోడ పట్టుకుని లేచి మెట్లు దిగాడు. కూతురు చెప్పులేసుకుంది.

"నాకు చెప్పినట్టే రేపు వాళ్ల ముందు ఒక్కసారి చెప్పు నాన్నా. అప్పుడే ఇంటికొస్తాను."

"నువ్వడిగావు, చెప్పాను. ఇక ఈ మాట వాళ్లతో కాదు, నీతో కాదు, పైకి పోయాక మీ అమ్మ అడిగినా ఎత్తను."