పసుపు అంచు గిబోషి

ఆర్నెల్ల కిందట తొకుజి పోయిన దగ్గర్నుంచి ఆయన భార్య సెత్సుకు ముద్ద సరిగా దిగడం లేదు. కొడుకు బతిమాలాడు. ఈ వారమూ ఇంతే అయితే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు బెదిరించాడు. ఆవిడ చెవికెక్కితేగా! ప్రాణమంతా పెరట్లో ఉత్తరం పక్కన, మేపుల్ చెట్టు నీడలో మొగుడు పెంచిన గిబోషి మొక్క మీదే. ఒక్కో ఆకూ చేటంత, అంచు చుట్టూ పసుపు పూసినట్టు ఉంటుంది. చలికాలంలో నేలలో కలిసిపోయి, ఏప్రిల్లో మళ్లీ మొలుస్తుంది.

"ఈ ఏడు అది ఆకు విప్పితే చూసి పోతాను," అనేది. పోతుందట, ఏం తొందరో!

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం కోడలు వకాన గిన్నె తెచ్చి ముందు పెట్టింది. యమగాతా కొండల పిల్ల, ఈ ఇంట్లో ఇదే మొదటి వసంతం.

"ఒక్క ముద్ద తినండి అత్తయ్యా. బాగోకపోతే నా మొహాన కొట్టండి."

ఉడికించిన లేత మొలకలు, పైన మిసో, అదే సోయా ముద్దతో చేసిన పుల్లటి పచ్చడి. నాలుక్కి తగలగానే సెత్సుకు నోరూరింది. గిన్నె ఖాళీ అయ్యాక, "ఇంకాస్త ఉందా?" అంది. వకాన కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

రెండోసారి అన్నంతో తింటూ ఆవిడ అడిగింది. "ఎక్కడ కొన్నావే?"

"కొనడమేంటి? పెరట్లో ఉరుయి అంత బలంగా మొలిస్తే ఇక్కడ ఎవరూ కోయరేం! మా ఊళ్లో అయితే ఈపాటికి ఒక్క మొలక మిగిలేదా?"

ఆ కొండలవాళ్లు ఉరుయి అనేది గిబోషి లేత మొలకల్నేనని సెత్సుకు తెలుసు. కర్ర పట్టుకుని పెరట్లోకి నడిచింది. మేపుల్ కింద మట్టికి సమంగా కోసిన మోళ్లే ఉన్నాయి.

వెనకే వచ్చిన వకానకు అత్త మొహం చూశాక అర్థమైంది. "అయ్యో, మామయ్యదా! అంచు పసుపుగా ఉంటే ఎండ తగల్లేదేమో అనుకున్నా. నా చేతులు పడిపోను!" అని అక్కడే కూలబడింది.

తిట్టడానికి నోరు తెరిచింది సెత్సు. నోట్లో ఇంకా ఆ పులుపే ఉంది. ఆర్నెల్ల తర్వాత కడుపు నిండింది. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"లేవే పిచ్చిదానా. నేను తినకపోతే ఆయన ఊరుకునే మనిషి కాదు. నీ చేత తినిపించాడు. చల్లగా ఉండు తల్లీ."

గిన్నెలో మిగిలిన రెండు మొలకలు తీసుకెళ్లి మొగుడి ఫోటో ముందు పెట్టింది. "మీ మొక్కే. మీరూ రుచి చూడండి," అంది.

జూన్ వానలకు మోళ్లలోంచి కొత్త ఆకులు లేచాయి. అరచేతంతే, కానీ అంచున అదే పసుపు. వకాన చుట్టూ తాడు కట్టి, "కోయరాదు" అని అట్ట తగిలించింది. సెత్సు చూసి ఆ అట్ట పీకేసింది.

"వచ్చే ఏప్రిల్లో సగం వండుదువుగానీ."

"మరి, ఆకు చూసి పోతానన్నారుగా?"

"నోర్ముయ్! నీ వంట వదిలి ఎక్కడికే నేను పోయేది?"