ఇంటర్వెల్‌లో సార్ అన్న మాట

నేను ఒక ఇనప మడత కుర్చీని. రాణిగంజ్‌లో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. నాతో పుట్టినవాళ్ళందరినీ కట్టగట్టి బొల్లారంలోని ఒక సప్లయింగ్ కంపెనీకి అమ్మారు. పెళ్ళిళ్ళకు, దినాలకు అద్దెకు వెళ్ళేదాన్ని. మనిషి గురించి నా చదువంతా అక్కడే మొదలైంది. మొహంతో అబద్ధం ఆడగలిగినవాడు కూడా నడుముతో ఆడలేడు. పెళ్ళిలో పగలబడి నవ్వే మేనమామ నా అంచు మీదే కూర్చుంటాడు. దినం నాడు ఏడుస్తున్న ఆవిడ వెనక్కి జారగిలబడి మెల్లగా ఊపిరి వదులుతుంది. నేను దీన్ని తప్పుపట్టను. వింతగా ఉంటుంది, అంతే.

ఒకసారి కాలేజీ ఫుట్‌బాల్ టీముకు జరిగిన సన్మానానికి వెళ్ళాను. కోచ్ విఠల్‌రావు సార్‌ను నా మీద కూర్చోబెట్టి దండ వేశారు. సభ అయ్యాక కంపెనీవాడు మిగతా కుర్చీలన్నీ ట్రాలీలో వేసుకుని, నన్ను మాత్రం ముట్టుకోకుండా నిలబడ్డాడు. సార్ కూర్చున్న కుర్చీ అని వదిలేసి వెళ్ళిపోయాడు. భక్తి ఇలాగే మొదలవుతుందని అప్పుడు నాకు తెలియదు. నా వీపు మీద కంపెనీ పేరు ఎర్ర రంగులో ఇంకా ఉంది. దండ వేస్తే కనబడదు.

అప్పటి నుంచి నా చోటు గ్రౌండు అంచున, టచ్‌లైన్ పక్కన. ఆటకు ముందు కెప్టెన్ బంతి తెచ్చి నా మీద పెట్టేవాడు. సార్ దాన్ని బొటనవేలితో నొక్కి గాలి చూసి, "పోండ్రి, ఆడుకోండ్రి" అనేవాడు. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఏటా ఆయన పేర జరిగే మ్యాచికి నన్ను గ్రౌండులో వేసి, దండ వేసి, ఖాళీ సీటు మీద బంతి పెట్టేవారు. చనిపోయినాయన గాలి చూసేదాకా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. మిగతా ఏడాదంతా గ్రౌండు ఎదురుగా ఉన్న గౌస్ భాయ్ హోటల్లో, సార్ ఫొటో కింద ఉండేదాన్ని. ఎవరూ కూర్చునేవారు కాదు. కూర్చోవడానికి చేసిన వస్తువును కూర్చోకుండా గౌరవించడం మనుషులకే చేతనవును.

నన్ను ఏటా గ్రౌండుకు మోసుకెళ్ళేది యాదగిరి. ఇప్పుడు ఆటో నడుపుతాడు గానీ, సార్ కాలంలో టీముకు కెప్టెన్. నేను టచ్‌లైన్‌కు వచ్చాక వాళ్ళు గెలిచిన ఫైనల్ కథ ఆ హోటల్లో చాయ్‌తో పాటే దొరికేది. ఫస్ట్ హాఫ్‌లో లెఫ్ట్ వింగ్ ఆటగాడు ఎలీషా సరిగ్గా ఈ టచ్‌లైన్ వెంబడే ఆడాడు. సార్ గొంతు చించుకుని అరిచినా ఒక్క మాట వినలేదు. జనం తిట్టారు. "ఓ రేడియో, స్విచ్చు వెయ్‌రా!" అని ఎగతాళి చేశారు. ఇంటర్వెల్‌లో సార్ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. సెకండ్ హాఫ్‌లో టీములు వైపులు మారాయి. ఎలీషా అవతలి లైనుకు వెళ్ళాడు. అక్కడ, అంత దూరం నుంచి కూడా, సార్ అన్న ప్రతి మాటా విని పులిలా ఆడాడు. గోలు వాడిదే. సార్ చెప్పిన ఆ మాట ఏమిటన్నది ఆ హోటల్లో ఎన్నటికీ తేలని ప్రశ్న. తిట్టాడని ఒకరు, తల్లి మీద ఒట్టు వేయించాడని ఇంకొకరు. యాదగిరికి మాత్రం ఆ మాటే సార్ గొప్పతనానికి సాక్ష్యం.

ఈ ఏడు మ్యాచికి కొంచెం ముందు పేపర్లో వార్త వచ్చింది. సార్ కింద పనిచేసిన అసిస్టెంటు దశరథ్ హాస్టల్ పిల్లలను ఏళ్ళ తరబడి కొట్టేవాడని, ఒక పాత ఆటగాడు కేసు పెడితే అరెస్టు చేశారని, విఠల్‌రావు సార్‌కు అప్పుడే చెప్పినా ఆయన ఊరుకున్నాడని రాశారు. కేసు పెట్టినవాడి పేరు రాయలేదు. కుర్చీ వేయడం వేయకపోవడం మీ ఇష్టం అని పాత ఆటగాళ్ళకు చెప్పి కాలేజీవాళ్ళు చేతులు దులుపుకున్నారు.

మ్యాచికి ముందురోజు సాయంత్రం హోటల్లో అదే గొడవ.

"ఎవ్వడో ఆడే ఛాన్సు దొరకక బెంచి మీద కూసున్నోడు, కుళ్ళుతోని పెట్టిండు కేసు," అన్నాడు యాదగిరి. "సచ్చిపోయిన మనిషి వచ్చి జవాబిస్తడా?"

రిటైరైన రైల్వే గార్డు కిష్టయ్య గ్లాసు కింద పెట్టాడు. "గది కాదురా. ఎరుకుండి ఊకున్నడా, ఎరుక లేదా? గదొక్కటి చెప్పు."

"ఎరుకుంటే ఊకుంటడా కాకా? నాకు బూట్లు కొనిచ్చిన మనిషి. మా నాయన పోయిన్నాడు మా ఇంట్ల పండుకున్న మనిషి."

"నీకు మంచిగున్నడు, సరే. నేను నిన్ను అడుగుతలేను."

"అరె, జర సోంచాయించుండ్రి," అన్నాడు గౌస్ భాయ్. "కుర్చీ వేస్తే ఒకడు తిడతడు, వేయకుంటే ఇంకొకడు తిడతడు. నా చాయ్ అయితే ఇద్దరూ తాగుతరు."

యాదగిరి చెయ్యి నా వీపు మీద ఉంది. ఆ చేతి బరువు నాకు కొత్తగా అనిపించింది. అతను నన్ను కాపాడుతున్నట్టు లేదు, నన్ను పట్టుకుని తాను నిలబడుతున్నట్టుంది. సార్ పడిపోతే, తాను కెప్టెన్‌గా ఉన్న ఆ ఒక్క ఏడూ పడిపోతుంది. అతనికి చెప్పుకోవడానికి వేరే ఏడు లేదు.

అప్పుడే ఎలీషా లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసింది. యాదగిరి లేచి కావలించుకున్నాడు.

"ఓ రేడియో! సమయానికొచ్చినవ్‌రా. వీళ్ళకు నువ్వే చెప్పు. ఇంటర్వెల్ల సార్ నీకేం చెప్పిండు?"

ఎలీషా తల పక్కకు తిప్పి, "ఏమన్నవ్?" అన్నాడు. యాదగిరి గట్టిగా మళ్ళీ అడిగాడు.

"నాకు తెల్వదన్నా. సార్ ఈ చెవుల చెప్పిండు." ఎలీషా ఎడమ చెవి మీద వేలు పెట్టాడు. "ముందురోజే దశరథ్ సార్ కొట్టి పగలగొట్టిండు దీన్ని. కేసు పెట్టింది నేనే."

గార్డు పని చేసినవాడు కదా, దిక్కులు కిష్టయ్యకు తొందరగా తెలుస్తాయి. "ఫస్ట్ హాఫ్‌ల నీ ఎడమ చెవి మా దిక్కు..." అన్నాడు. "అవతలికి పోయినంక కుడి చెవి."

"అవును కాకా. అవతలికెళ్ళి మీరు తిట్టింది గుడ ఇనొచ్చింది."

ఇన్నేళ్ళ మహత్తు గౌస్ భాయ్ హోటల్లో అలా ముగిసింది. వైపులు మారాయి, అంతే.

ఇక్కడ నాకు తెలిసింది చెప్పాలి. ఫైనల్‌కు ముందురోజు ఎలీషా చెవి పట్టుకుని వచ్చినప్పుడు సార్ నా మీదే ఉన్నాడు. వాడి మొహం తిప్పి చెవిలోకి చూశాడు. "ఫైనల్ అయిపోనీ బిడ్డా, చూద్దాం," అన్నాడు. ఆ మాటకు ఆయన బరువంతా వెనక్కి పోయి, నా ముందుకాళ్ళు నేల వదిలాయి. మర్నాడు ఇంటర్వెల్‌లో వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి, అదే ఎడమ చెవికి నోరు ఆనించి అన్నాడు: "తప్పు నాదే బిడ్డా. మాఫ్ చెయ్." ఎలీషా తలూపాడు. వినబడనివాళ్ళు మొట్టమొదట నేర్చుకునేది తలూపడమే. సార్ ఒంటి బరువు ఒక్కసారిగా తేలికైంది. తరవాత దశరథ్ హాస్టల్లోనే ఉన్నాడు, సార్ నా మీద ఎప్పటిలాగే కూర్చున్నాడు.

ఏ చెవో మరిచిపోయి అన్నాడా? గుర్తుండే అన్నాడా? ఎన్నో నడుములు చదివాను గానీ, దీన్ని చదవలేకపోయాను.

యాదగిరి నన్ను ఫొటో కింద నుంచి లాగాడు. ఎవరూ కూర్చోని నన్ను ఎలీషా ముందు వేశాడు.

"కూసో."

"ఇది సార్‌ది కదన్నా."

"సప్లయింగ్ కంపెనీది. కూసోరా."

ఎలీషా కూర్చున్నాడు. బరువంతా ఒక పక్కకే వేసి, కుడి చెవి మనుషుల వైపు పెట్టి కూర్చున్నాడు. అలా కూర్చునేవాళ్ళు నాకు అంతకుముందు తగల్లేదు. యాదగిరి గోడ మీది ఫొటోకేసి చూశాడు. "దాన్ని గుడ తియ్యాల్నా?"

"నన్నెందుకు అడుగుతున్రు? పెట్టింది మీరే గదా."

యాదగిరి ఎలీషా ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు. చుట్టూ తిరిగి, బెంచి జరుపుకుంటూ కుడి పక్కకు వచ్చాడు. "ఎలీషా," అన్నాడు. ఆ పేరు అతని నోట నేను వినడం అదే మొదలు. "ఏమైందో మొదట్నుంచి చెప్పు."

మర్నాడు నన్ను గ్రౌండుకు తీసుకెళ్ళలేదు. కెప్టెన్ బంతి పట్టుకుని టచ్‌లైన్ దగ్గర కాసేపు తచ్చాడాడట. తరవాత తన బొటనవేలితోనే నొక్కి చూసుకుని లోపలికి పోయాడట. ఫొటో సంగతి ఇంకా తేలలేదు, రోజూ చాయ్ చల్లారిపోయేదాకా వాదిస్తారు. నా మీద మాత్రం ఇప్పుడు ఎవరైనా కూర్చుంటారు. ఆదివారాలు ఎలీషా వస్తాడు, అదే తీరున కూర్చుంటాడు. వాళ్ళు సార్ మాట ఎత్తినప్పుడల్లా నాకు ఆ ఇంటర్వెల్ గుర్తొస్తుంది. మాఫీ అడిగినవాడు ఇప్పుడు లేడు, ఎవర్ని అడిగాడో అతను వినలేదు. విన్నదాన్ని నేనొక్కదాన్నే. మాఫ్ చేయడం కుర్చీ పని కాదు.