పద్నాలుగో మంచం

"ఊళ్ళోవాళ్ళందరి దుప్పట్లూ ఉతుకుతావు. నా దుప్పటి ముఖం చూసి ఎన్నాళ్ళయింది?" అంది అత్తగారు. నాలుగు రోజులయింది, అంతే. ఇల్లు లేని ఆడవాళ్ళుండే వసతి గృహంలో అప్పటికే పద్నాలుగు దుప్పట్లు ఉతికి ఆరేసి వచ్చింది కోడలు. అక్కడ ఆమె వార్డెన్. ఉతికే మనిషిని సర్కారు నిరుడే తీసేసింది కాబట్టి ఆ పనీ ఆమెదే. అత్తగారి దుప్పటి కూడా నానబెట్టింది. ఎదురు మాట్లాడితే అనడానికి భర్త దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "ఇది నా ఇల్లు. ఇష్టముంటే ఉండు, లేకపోతే తలుపు తీసే ఉంది."

వసతి గృహానికి నిధులు ఆపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. తనిఖీకి వచ్చిన మూడుసార్లూ మంచాలు ఖాళీగా ఉన్నాయట. ఉండవా మరి? పొద్దున్న ఎనిమిదికల్లా అందరూ బయటికి పోవాలని నిబంధన పెట్టింది వాళ్ళే, పదకొండింటికి తీరిగ్గా తనిఖీకి వచ్చేదీ వాళ్ళే. ఈ మాటే ఆమె ఆరు ఉత్తరాల్లో రాసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చివరికి, బుధవారం ఇంకొక్కసారి చూస్తామన్నారు.

"ఒక్క పూట పని మానెయ్యండమ్మా, మంచం మీద కనబడితే చాలు," అని ఒక్కొక్కర్నీ బతిమాలింది. పదముగ్గురు ఒప్పుకున్నారు. పద్నాలుగో మంచం ఆవిడ హోటల్లో గిన్నెలు తోముతుంది. "ఈ పూట మానితే రేపు ఇంకోదాన్ని పెట్టుకుంటారు మేడమ్. అప్పుడు తిండి మీరు పెడతారా?" అని వెళ్ళిపోయింది.

జీపు ఆగిన చప్పుడైంది. వచ్చేది కొత్త అధికారి, తనని ఎరగడు. వార్డెన్ బజారుకి వెళ్ళిందని చెప్పమని వంటావిడకి చెప్పి, తాళాల గుత్తి దిండు కింద దోపి, ఆ ఖాళీ మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. వీపు కింద పరుపు తగిలింది. పరుపు మీద పడుకుని ఆరేళ్ళయింది. "నీ అలారం మోతకి నా నిద్ర పాడవుతోంది, వంటింట్లో పడుకో," అన్నాడు భర్త ఓ రోజు. ఆ రోజు నుంచీ గ్యాస్ బండకీ గోడకీ మధ్య చాప, ముడుచుకున్న కాళ్ళు. పొద్దున లేచాక మోకాళ్ళు పట్టేశాయంటే, "పని దొంగలకి రోగాలెక్కువ," అని అత్తగారి నవ్వు. ఇక్కడ కాళ్ళు చాపితే అడ్డేమీ తగల్లేదు. ఏడుపొచ్చింది. సిగ్గూ వేసింది. పేదరాళ్ళ మంచం చూసి అసూయపడే స్థితికి వచ్చానా అనుకుంటూనే నిజంగా నిద్రపోయింది.

మంచం కోడుని కలంతో టకటకా కొట్టి లేపాడు అధికారి. "ఏమ్మా, ఇల్లు లేదా?"

"లేదండి."

అబద్ధమాడితే నోరు తడబడుతుందామెకి, చిన్నప్పటినుంచీ అంతే. ఇప్పుడు తడబడలేదు.

"మొగుడు?"

"ఉన్నాడండి. తలుపు తీసే ఉందన్నాడు."

ఆయన ఏదో రాసుకుని వెళ్ళాడు.

శనివారం ఉత్తర్వు వచ్చింది. పట్టపగలు పద్నాలుగు మంది ఆరోగ్యవంతులైన స్త్రీలు నిద్రపోతున్నారట. ఈ సోమరితనాన్ని ప్రభుత్వం పోషించనవసరం లేదు, నెలాఖరుకి మూసెయ్యాలి. ఖాళీగా ఉంటే అక్కర్లేనట్టు, నిండితే సోమరులట. ఆ ఒక్క పూట మానినందుకు ఇద్దరికి పనులు పోయాయి. "మీ మాట విన్నాం మేడమ్," అని మాత్రం అన్నారు వాళ్ళు. తిట్టి ఉంటే బాగుండేది.

"పీడా విరగడైంది. ఇక ఇంట్లో పడుండు," అన్నాడు భర్త, వార్తాపత్రిక దించకుండానే.

అప్పీలుకి సోమవారం గడువు. ఉంటున్నవాళ్ళు పద్నాలుగు మందీ సంతకాలు పెట్టాలి. సిబ్బంది పెడితే చెల్లదు. పదమూడు పడ్డాయి. గిన్నెలు తోమే ఆవిడ మూసేదాకా ఆగడమెందుకని హోటల్ వెనక బొగ్గుల పక్కన చోటు చూసుకుని వెళ్ళిపోయింది. ఆ గడి ఖాళీగా ఉంది.

వార్డెన్ ఉద్యోగానికి రాజీనామా రాసి, తాళాల గుత్తి వంటావిడ చేతిలో పెట్టింది. అప్పీలు గెలిస్తే మంచం, ఓడితే వీధి. తెలుసు. పద్నాలుగో గడిలో సంతకం చేసి, చిరునామా అన్నచోట 'లేదు' అని రాసింది.

అటునుంచి ఇంటికెళ్ళి రెండు జతల బట్టలు సర్దుకుంది. "పొద్దున ఉతికిన నా దుప్పటి ఆరిందా?" అంది అత్తగారు మంచం మీంచి.

"ఆరింది అత్తయ్యా," అని చెప్పి, ఇన్నేళ్ళూ తీసే ఉన్న ఆ తలుపుని బయటినుంచి మూసింది.