కుడివైపు మొదటి పేరు

నేను ఒక బోర్డును. "లోపలికి రాకూడదు" అని జనాన్ని బెదిరించే రేకు ముక్కను కాను, బడిలో రోజుకు పదిసార్లు మొహం కడిగించుకునే నల్లబల్లనూ కాను. ఆరడుగుల టేకు చెక్కను. నా ఒంటి నిండా పేర్లే. ఎడమవైపు పద్నాలుగు, కుడివైపు ఏడు. ఎడమవైపు వాళ్ళంటే నాకు గర్వం. కుడివైపు వాళ్ళ సంగతి చెప్పుకుందామనే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. గోడలకు చెవులుంటాయంటారు గానీ, గోడకు వేలాడేవాటికి కడుపుమంట ఉంటుందని ఎవరూ అనుకోరు. నలభై ఏళ్ళకు పైగా దాచుకున్న మాట, కాస్త కోపంగానే వస్తుంది. సర్దుకోండి.

నేను పెరిగింది ఆదిలాబాద్ అడవిలో. బోర్డునైంది సికింద్రాబాద్‌లో ఒక నూలు మిల్లు వడ్రంగి షెడ్డులో. 1962లో ఆ మిల్లు ఫుట్‌బాల్ క్లబ్బుకు పాతికేళ్ళు నిండాయి. క్లబ్బు పేరు స్పిన్నర్స్. ఆస్తి అంటే ఒక రేకుల గది, గడ్డి కంటే రాళ్ళు ఎక్కువున్న మైదానం, అతుకులేసిన రెండు బంతులు. అయినా ఆ జట్టు కలకత్తా నుంచి బూట్లు తొడుక్కుని వచ్చిన జట్టును రెండు గోల్స్‌తో ఓడించి పంపింది. మనవాళ్ళలో సగం మందికి బూట్లు లేవు. ఆ రోజు మిల్లు సైరన్ మోగినా ఎవరూ పనిలోకి పోలేదని చెప్పుకునేవారు.

ఆ జట్టును తయారుచేసిన మనిషి పేరు గట్టుమల్లు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి నూలు వడికే సెక్షన్‌లో పనిచేసేవాడు. షిఫ్టు దిగగానే మైదానానికి వచ్చేవాడు. బకెట్‌లో సున్నం కలిపి, నడుం వంచి, గీతలు తనే గీసేవాడు. దారం చుట్టే చెక్క బాబిన్లు ఆయన దగ్గర సంచినిండా ఉండేవి. వాటిని నేల మీద నిలబెట్టి, ఇరవై గజాల దూరం నుంచి బంతితో పడగొట్టమనేవాడు. గోల్‌కీపర్ ఇన్నయ్యకైతే బంతే ఇచ్చేవాడు కాదు. రెండు చేతులతో బాబిన్లు విసిరి పట్టుకోమనేవాడు. "బాబిన్ పట్టినోనికి బంతి గుమ్మడికాయంత కొడతది" అనేవాడు. ఇన్నయ్య వేళ్ళు వాచిపోయేవి. తరువాత ఆరు మ్యాచ్‌ల దాకా అతన్ని దాటి ఒక్క బంతీ లోపలికి పోలేదు.

గట్టుమల్లును ఎవరూ కోచ్ అనలేదు, మేనేజర్ అనలేదు. అందరూ ఉస్తాద్ అన్నారు. నా కష్టాలన్నీ ఈ ఒక్క మాట దగ్గరే మొదలయ్యాయి.

పాతికేళ్ళ పండుగకు బోర్డు పెట్టాలన్న ఆలోచన లేబర్ ఆఫీసర్ శేషగిరిరావుగారిది. ఆయన కలకత్తాలో ఏదో క్లబ్బులో అలాంటిది చూశారట. ఎడమవైపు ప్రఖ్యాత ఆటగాళ్ళు, కుడివైపు మేనేజర్లు. అక్కడ మేనేజరంటే జట్టును నడిపేవాడు. మన మిల్లులో మేనేజరంటే పెంకుల బంగళాలో ఉండే దొర. శేషగిరిరావుగారు చీటీ మీద "కుడివైపు: మేనేజర్ల పేర్లు" అని రాసి గుమాస్తాకిచ్చారు. గుమాస్తా బుద్ధిమంతుడు. నేరుగా మేనేజరు గదికి వెళ్ళి, గోడ మీద ఫోటోల కిందున్న ఏడు పేర్లూ వరసగా రాసుకొచ్చాడు. పెయింటర్ విఠల్ పసుపు రంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు దిద్దాడు. మొదటి పేరు శ్రీ జె. ఎఫ్. కార్టర్.

కార్టర్ దొర జన్మలో ఒక్కసారి మ్యాచ్ చూశాడట. అదీ సగం ఆటకు విరామమిస్తే అయిపోయిందనుకుని, అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి బంగళాకు వెళ్ళిపోయాడట. మిగతా ఆరుగురూ ఆపాటి శ్రమ కూడా పడలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

నా మీద పరదా తీసిన రోజు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఏడో పేరు. అంటే అప్పటి మేనేజరు. తన పేరు చూసుకుని మురిసిపోయాడు. శేషగిరిరావుగారికి జరిగింది అర్థమై మొహం పాలిపోయింది. కానీ మురిసిపోతున్న మేనేజరు ముందు తప్పని ఎవరంటారు? ఆయన చప్పట్లు కొట్టారు. ఆయనను చూసి అందరూ కొట్టారు.

ఉస్తాద్ ఆ రోజు కొత్త ధోతి కట్టుకుని, భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆయనకు చదువు రాదు. సభ అయ్యాక నా ముందు నిలబడి అడిగాడు. "ఇన్నయ్యా, ఏడున్నదిరా నా పేరు?"

ఆ గోల్‌కీపర్ ఎన్నో బంతులు ఆపినవాడే గానీ, ఆ ప్రశ్నకు మాత్రం దొరికిపోయాడు. ఉస్తాద్ భార్య నవ్వు మొహంతో చూస్తోంది. ఇన్నయ్య చెయ్యెత్తి కుడివైపు మొదటి పేరు చూపించాడు.

"గదే, ఉస్తాద్. అందరికంటె మీద."

నాకు నోరుంటే అక్కడే అరిచేవాణ్ణి. ఉస్తాద్ కార్టర్ దొర పేరును చేత్తో తడిమి, కళ్ళకు అద్దుకున్నాడు. అది మొదలు ప్రతి శుక్రవారం వచ్చి భుజం మీద తువ్వాలుతో ఆ ఒక్క పేరే తుడిచేవాడు. పంతొమ్మిదేళ్ళు తుడిచాడు. మిగతా పేర్లన్నీ దుమ్ము పట్టి మసకబారితే కార్టర్ దొర మాత్రం నిన్న రాసినట్టు మెరిసేవాడు. జట్టంతటికీ నిజం తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. మనుషుల ప్రేమ ఇలా ఉంటుంది. నిజం చెప్పే ధైర్యం ఉండదు, అబద్ధాన్ని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా కాపాడతారు.

ఇన్నయ్యను పూర్తిగా తిట్టలేను. అబద్ధాన్ని నిజం చేయాలని ఏటా ఆఫీసు మెట్లెక్కాడు. ఒకసారి శేషగిరిరావుగారు నా ముందుకే వచ్చి మరీ చెప్పారు.

"ఏమయ్యా ఇన్నయ్యా, నాకు మాత్రం తెలియదా? కానీ రికార్డుల్లో గట్టుమల్లు కార్మికుడు. కార్మికుణ్ణి మేనేజర్ల వరసలో ఎలా రాయిస్తాను? పోనీ ఆటగాళ్ళలో రాద్దామంటే క్లబ్బు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు."

"మరి ఉస్తాద్ అని రాయుండ్రి సారూ."

"అలాంటి పోస్టు లేదయ్యా."

అడుగున నాకు జానెడు ఖాళీ ఉంది. పేరు రాయడానికి చోటుంది, పోస్టు లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. చెక్కకు చిర్రెత్తితే ఏమవుతుంది, ఒక మేకు వదులవుతుంది. వాళ్ళు దాన్ని సుత్తితో కొట్టి వెళ్ళారు.

ఇలా ఉండగా 1981లో మా క్లబ్బు గదిలో సాయంకాలం వయోజనుల బడి పెట్టారు. జట్టు అప్పటికే చితికిపోయింది. గది ఖాళీగా ఉంది కదా అని ఇచ్చారు. అరవై తొమ్మిదేళ్ళ ఉస్తాద్ పలక పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరి పేరు వాళ్ళకు రాయడం మొదట నేర్పారు. నెల రోజులు ఆయన గ దిద్దాడు, ట్టు దిద్దాడు, మ దిద్దాడు. నేను వణికిపోయాను. ఇంత దగ్గరగా, ఇంత పెద్ద అక్షరాలతో ఎదురుగా వేలాడుతుంటే ఆయన నా వైపు చూడకుండా ఉంటాడా?

ఒక శుక్రవారం ఇన్నయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. తువ్వాలు తీశాడు. తుడవబోయి ఆగాడు. కుడివైపు మొదటి పేరులో శ్రీనీ పొడి అక్షరాలనూ దాటి, చివరి మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూడబలుక్కున్నాడు.

"ఇన్నయ్యా, నా పేరు 'కా' తోటి మొదలైతదారా?"

ఇన్నయ్య తలొంచుకున్నాడు. "తప్పైంది ఉస్తాద్. నాడు నీ మొకం జూసి చెప్పబుద్ధి గాలే."

"మిగిలిన ఆరిట్ల ఉన్నదా?"

"లేదు."

ఉస్తాద్ బెంచీ మీద కూలబడ్డాడు. "పంతొమ్మిదేండ్ల సంది ఎవని మొకమో తుడిసిన్నన్నట్టు," అన్నాడు. ఇన్నయ్య ఏడుస్తూ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఉస్తాద్ కాసేపటికి అతని చేతులు తీసుకుని, ఒకప్పుడు వాచిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే ఒత్తి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకూ ఇన్నయ్యకూ కాస్త బరువు తగ్గేది.

తరువాత లేచి గది మూలకు వెళ్ళాడు. గీతలు గీసే సున్నం బకెట్ అక్కడే ఉండేది. నీళ్ళు పోసి కలిపాడు. చూపుడు వేలు ముంచి, నా అడుగున ఉన్న జానెడు ఖాళీలో, ఏ వరసలోనూ కాకుండా సరిగ్గా నడిమధ్య రాసుకున్నాడు. గట్టుమల్లు. ల కింద వత్తు మరిచిపోయి, మళ్ళీ వేలు ముంచి పెట్టాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. విఠల్ ముత్యాలన్నీ ఒక ఎత్తు, అవి ఒక ఎత్తు. నా జన్మకు ఆ రోజు అర్థం దొరికిందని మీతో చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఆయన మళ్ళీ రాలేదు. మూడేళ్ళకు పోయాడని వాచ్‌మన్ ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ మరుసటి ఏడు మిల్లు మూతపడింది. గదికి తాళం పడింది. చెదలు నా చట్రం అంచులు కొరికాయి, రేకుల్లోంచి వాన కారింది, పావురాలు చేసేదంతా నా మీదే చేశాయి. అయినా ఇరవై ఏళ్ళు ఆ సున్నపు పేరు చెక్కుచెదరలేదు. మంచి సున్నం. మంచి వేలు.

ఆ తరువాత నన్ను కాపాడేవాళ్ళు వచ్చారు. ఊళ్ళో కొత్తగా ఆటల మ్యూజియం పెట్టారట. చేతులకు తొడుగులు వేసుకుని, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి తీసుకెళ్ళారు. మెత్తటి గుడ్డతో, ఏదో మందు నీళ్ళతో ఒళ్ళంతా కడిగారు. "కింద ఎవరో సున్నం పూశారు" అంటూ మొదటి గంటలోనే తుడిచేశారు. చెదలకు, వానకు, పావురాలకు దక్కనిది శుభ్రానికి దక్కింది. కార్టర్ దొర పేరుకు కొత్త మెరుగు పెట్టి, ఆయన ఈ నేలకు ఫుట్‌బాల్ నేర్పిన తొలి మేనేజరని పక్కన చీటీ అంటించారు.

ఇన్నయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. నా అడుగు భాగం చూసి, అక్కడి అధికారిణి దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. ఆమె మర్యాదగానే విన్నది.

"ఆధారం ఏదైనా ఉందా తాతగారూ?"

"ఉండె," అన్నాడు ఇన్నయ్య. "మీరు కడిగిండ్రు."

ఆమె దరఖాస్తు రాసిమ్మంది. రాసిచ్చాడు. దరఖాస్తుల మీద నాకున్న నమ్మకం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అతను నెలకోసారి వచ్చి నా ఎదుట బెంచీ మీద కూర్చుంటున్నాడు. పోయిన నెల ఏదో బడి ఫుట్‌బాల్ జట్టు వచ్చింది. అందరూ ఆడపిల్లలే, మోకాళ్ళకు దెబ్బలు, మొహాల మీద ఎండ. వాళ్ళలో ఒక పిల్ల ఎడమవైపు పద్నాలుగు పేర్లూ చదివి, కుడివైపుకు వచ్చింది.

"శ్రీ జె. ఎఫ్. కార్టర్," అని చదివి, బెంచీ మీది ముసలాయనను చూసింది. "తాతా, వీళ్ళందరికీ ఆట నేర్పింది ఈయనేనా?"

ఇన్నయ్య కర్ర ఆనించి లేచాడు. పిల్ల పక్కన నిలబడి, నలభై ఏళ్ళ కిందట చూపించినట్టే, కుడివైపు మొదటి పేరు చూపించాడు.

"రాసుడు గట్లనే రాసిండ్రు బిడ్డా. సదివేటప్పుడు మాత్రం గట్టుమల్లు అని సదవాలె."

ఆ పిల్ల ఆయన మొహం చూసింది, నన్ను చూసింది. ఏమనుకుందో ఏమో, కార్టర్ దొర పేరు మీదే చూపు నిలిపి, హాలంతా వినబడేలా చదివింది.

"గట్టుమల్లు."