గోడవార చోటు

మాంసం కొట్టులో కత్తి పట్టేది ఆవిడ, తూకం వేసేది ఆవిడ మొగుడు. పెళ్ళైన కొత్తలో మాంసం అతనే కొట్టేవాడు. ఒకసారి వేలు తెగ్గోసుకున్నాక కత్తి ఆవిడ చేతిలోకి వచ్చింది, మళ్ళీ వెనక్కి పోలేదు. "ఆ ఇంట్లో కత్తి ఎవరి దగ్గరుందో చూసుకుని నోరు తెరవాలి" అని వీధిలో మగవాళ్ళు పరాచికాలాడేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

ఈ మధ్య నవ్వడం మానేసింది. రెండుసార్లు కడుపు నిలవలేదు. అవి తొలి నెలల్లోనే పోయాయి. ఏడ్చింది, తేరుకుంది. మూడోది ఆరో నెల దాకా వచ్చింది. మాంసం కొట్టే మొద్దు మీద కత్తి దెబ్బ పడ్డప్పుడల్లా లోపల బిడ్డ ఉలిక్కిపడేది. "మీ అమ్మ పనింతేలే, అలవాటు చేసుకో" అని పొట్ట నిమురుకునేది. ఒక మధ్యాహ్నం ఆ కదలిక ఆగిపోయింది. ఆసుపత్రిలో మత్తు దిగేసరికి అంతా అయిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

లేచి నిలబడగలిగిన రోజే కొట్టుకు వచ్చేసింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదకొస్తున్నట్టుండేది. ఎముకలు నరుకుతుంటే కాస్త ఊపిరాడేది. కైమా అడిగితే, మొద్దు పెచ్చులూడి మాంసంలో కలిసేదాకా కొట్టేది. మొగుడు ఆ పెచ్చులు ఏరి, నోరు మెదపకుండా తూకం వేసేవాడు. ఆ మౌనం చూస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

ఒక రోజు కొట్టు నిండా జనం ఉండగా అతని అక్క వచ్చింది. మనిషి చెడ్డది కాదు. ఆసుపత్రిలో రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉన్నదీ, తల దువ్వి జడ వేసినదీ ఆమే. కాకపోతే నోటికి తాళం లేదు.

"ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు," అంది మొద్దు అంచున చెయ్యి ఆనించి. "ఈ పని మానెయ్. పొద్దస్తమానం కోసే చేతులివి. కడుపులో ప్రాణం ఎట్లా నిలుస్తుంది చెప్పు?"

కత్తి లేచింది. వదిన వేళ్ళకు వెంట్రుకవాసి దూరంలో, పిడి పట్టి గట్టిగా లాగితే గాని ఊడనంతగా మొద్దులో దిగింది. వదిన కెవ్వుమని వెనక్కి పడింది.

"మళ్ళీ అను వదినా," అంది ఆవిడ. "ఈసారి మొద్దు మీద వెయ్యను."

మొగుడు ఒక్క అంగలో తూకం బల్ల దాటొచ్చి ఆవిడ చెంప పగలగొట్టాడు.

"మా అక్కని చంపేస్తావా?"

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో అతను చెయ్యెత్తడం అదే మొదలు. కొట్టంతా బిగుసుకుపోయింది. ఆవిడ చెంప తడుముకోలేదు.

"ఇన్నాళ్ళూ నోరు రాలేదు, ఇప్పుడు చెయ్యి వచ్చిందా నీకు?"

రెండు చేతులా చొక్కా పట్టి నెట్టింది. తడి నేల మీద అతని కాలు జారింది. వెనక మాంసం వేలాడదీసే కొక్కెం భుజంలో దిగి, మనిషి కింద పడుతుంటే కండ చీల్చుకుంటూ బయటికొచ్చింది. నెత్తురు గోడ మీదికి చిమ్మింది. ఆవిడ ఆగలేదు. మీద కూర్చుని పిడికిళ్ళతో మొహం మీదా, గుండెల మీదా గుద్దింది. "నీ బిడ్డ కాదా అది? కాదా?" అతను అడ్డుకోలేదు. జనం లాగితే గాని ఆవిడ ఊడి రాలేదు.

అతన్ని అదే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆవిడా వెంట వెళ్ళింది. నర్సు గాయం కడుగుతూ అడిగింది, "ఎట్లా తగిలింది?"

"మా ఆవిడ కొట్టింది."

"ఎందుకు?"

"నేను కొట్టాను గనక."

నర్సు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కుట్లు పడ్డాక బయటికి వెళ్ళిపోయింది. అతను పైకప్పు కేసి చూస్తూ అన్నాడు:

"నీ బిడ్డ కాదా అన్నావు. నా చేతుల్లోనే పెట్టారు."

"ఎవర్ని?"

"ఆడపిల్ల. నీకు స్పృహ లేదు. శ్మశానంలో గోడవార పూడ్చాను. ఊపిరి తియ్యని పిల్లలకి చోటు అక్కడేనట."

ఆవిడ అతన్ని మంచి భుజం మీద గట్టిగా చరిచింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అడుగుతావేమోనని రోజూ చూశాను. అడక్కపోతే బాగుండుననీ అనుకున్నాను."

"లే. చూపించు."

వాళ్ళు వెళ్ళేసరికి శ్మశానం ఒక పక్కన మట్టి తవ్వే యంత్రం పని చేస్తోంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అతను గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు. ఆ మొహం చూడగానే ఆవిడకు అర్థమైంది. పరుగెత్తింది. చేతికందిన ఇటుక ముక్కలు ఏరి యంత్రం మీదికి విసిరింది. అద్దం భళ్ళుమంది. నుదురు చిట్లిన డ్రైవరు ఇనపకడ్డీ పట్టుకుని దూకాడు. "పిచ్చా నీకు?" అని ఎత్తిన కడ్డీకి మొగుడు అడ్డం వచ్చాడు. దెబ్బ కుట్ల మీదే పడింది. అతను మోకాళ్ళ మీద కూలి, "మా పిల్ల ఉందన్నా ఇక్కడ," అన్నాడు.

డ్రైవరు చేతిలో కడ్డీ జారిపోయింది. "ఎక్కడ?"

అతను చుట్టూ చూశాడు. "గోడ పక్కన. గోడేదీ?"

"పొద్దున్నే తీసేశాను," అన్నాడు డ్రైవరు. "నాకెవరూ చెప్పలేదన్నా. నిజంగా ఎవరూ చెప్పలేదు."

ఎటు చూసినా ఒకటే ఎర్రమట్టి, చదునుగా. ఆవిడ మొగుడి ఎదురుగా కూలబడింది.

"పిల్ల ఎట్లా ఉంది?"

"నీ గడ్డమే. ఆ నొక్కు కూడా."

"జుట్టుందా?"

"ఉంది. నుదుటికి అంటుకుని ఉంది. పిడికిలి బిగించుకుని ఉంది. విప్పి చూద్దామనుకున్నా, మనసొప్పలేదు."

"చల్లబడిపోయిందా?"

"లేదే. వెచ్చగానే ఉంది. అందుకే చాలాసేపు పూడ్చలేకపోయాను."

అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్ళూ ఎముకల మీద పడ్డ దెబ్బలన్నీ గొంతులోంచి తోసుకొచ్చినట్టు. రెండు చేతులతో నేలను బాదింది, గోళ్ళూడేలా మట్టిని గీరింది. అతను మంచి చేత్తో పట్టుకోబోతే చెయ్యి కొరికింది. అతను వదల్లేదు. గొంతు పోయి, కొరకడం మానేదాకా అట్లాగే పట్టుకుని, తనూ బావురుమన్నాడు.

డ్రైవరు దూరంగా యంత్రం బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎండ వాలాక లేచి దగ్గరికొచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అక్కా... పని మొదలుపెట్టనా?"

ఆవిడ తలెత్తి అతని నుదురు చూసింది. మొగుడి మెడలో తువ్వాలు లాగి డ్రైవరుకిచ్చింది.

"ముందు నెత్తురు తుడుచుకో," అంది. అతను తుడుచుకున్నాక, "ఊఁ, మొదలుపెట్టు."

యంత్రం గర్జించింది. ఇద్దరూ పక్కకు జరిగి, ఆ మట్టి అంతా అణిగేదాకా అక్కడే నిలబడ్డారు.