కానుగ నీడలో లేని చోటు

క్రిస్మస్ వెళ్ళి కొత్త సంవత్సరం వచ్చిన వారంలో, చర్చి ముందున్న కానుగకి కొమ్మలు కొట్టేవాళ్ళు. చలికాలం చెట్టు నిద్రపోతుందనీ, అప్పుడు కొడితే దానికి నొప్పి తెలియదనీ జక్కయ్య నమ్మకం. నడికుడికి దగ్గర్లో ఉన్న ఆ పేటలో చెట్టెక్కే పని అతనిదే. కొమ్మకి ముందు కిందనుంచి ఓ గాటు పెట్టి, తర్వాత పైనుంచి ఏటవాలుగా నరికేవాడు. అలా అయితే బెరడు చీలదు, వాననీళ్ళు నిలవ్వు. నరికిన చోటల్లా పేడ మెత్తేవాడు. కింద ఆడవాళ్ళు పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటే, పిల్లలు పళ్ళు తోముకోవడానికి సన్న రెమ్మలు విరుచుకునేవాళ్ళు.

మర్నాడు మధ్యాహ్నానికి పేటంతా చెట్టు దగ్గర చేరేది. కొమ్మలు కొట్టించుకున్న మర్నాడు ఆ కానుగ తన మోడు నీడ కాకుండా, రాబోయే వేసవి నీడని పరిచేది. ఆకులన్నిటితో, దట్టంగా. ఆ వేసవికి దాని కింద ఎవరెవరు ఎక్కడ కూచుంటారో వాళ్ళ నీడలు కూడా అందులో ఉండేవి. ఆ ఒక్క మధ్యాహ్నమే. పొద్దు వాలితే మళ్ళీ మామూలు పుల్లల నీడే. జనం వచ్చి ఎవరి చోటు వాళ్ళు చూసుకుని పోయేవాళ్ళు. పోయినేడు చెట్టు మొదట్లో కూచున్నాం, ఈసారి అంచుకి నెట్టారేందని సణిగేవాళ్ళూ ఉండేవాళ్ళు. పాస్టరుగారైతే తన బదిలీ సంగతి తేల్చుకోవడానికి అందరికన్నా ముందే వచ్చి, నీడంతా కలయజూసి, ఓసారి దగ్గి వెళ్ళేవారు.

చోటు కనపడనివాళ్ళ గురించి మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. జక్కయ్య భార్య చోటు కనపడని ఏడు, పుట్టింటికి పోతుందిలే అనుకుని అతను ఊరుకున్నాడు. ఆ మనిషి ఎండాకాలం చూడకుండానే సమాధిలోకి పోయింది.

సాగరు డ్యాం కడుతున్న రోజులవి. అల్లుడు పేతురు అక్కడ రాళ్ళపనిలో ఉంటే, కూతురు ప్రేమకుమారి తొలికాన్పుకి తండ్రి దగ్గరికొచ్చింది. నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది, పట్టపగలు కూడా దుప్పటి కప్పుకుని వణికేది. వసారాలో మంచం వేస్తే, చెట్టు పెద్దకొమ్మ ఒకటి ఇంటిమీదికి వాలి ఎండ తగలనిచ్చేది కాదు. ప్రతి ఏడూ ఆ కొమ్మకి చివర్లు మాత్రం కత్తిరించి వదిలేసే జక్కయ్య, ఈసారి కూతురికి నాలుగు రోజులు వెచ్చగా ఉంటుందని మొదలంటా నరికేశాడు. అది నేల మీద పడ్డాక గాని అతనికి గుర్తు రాలేదు, పాకే వయసు నుంచీ ప్రేమకుమారి ప్రతి వేసవీ కూచున్నది ఆ కొమ్మ కిందేనని.

మర్నాడు నీడ పరుచుకుంది. ఆ నీడలో, చెట్టు మొదలు దగ్గర గొంతుక్కూచుని చుట్ట తాగుతూ జక్కయ్య ఉన్నాడు. కొంచెం ఇవతల అతని తమ్ముడి భార్య గ్రేసమ్మ, ఒళ్ళో తన చంటిపిల్ల, చేతిలో ఉయ్యాల తాడు. ఆ గుడ్డ ఉయ్యాల ఎవరిదో అడగక్కర్లేదు, ఆ పేటలో నెలలు నిండిన మనిషి ఒక్కతే. ఇంటివైపు మాత్రం పెద్ద ఖాళీ, అక్కడ ఎండ కాస్తోంది. జక్కయ్య లేచి ఆ చెట్టునీడ చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. ప్రేమకుమారి ఎక్కడా లేదు.

జనం ఒక్కొక్కరే తప్పుకున్నారు. మంత్రసాని పిచ్చమ్మ అతని మొహం చూడకుండా కొంగు నెత్తిన కప్పుకుని పోయింది.

"దానికి చెప్పమాక బావా," అంది గ్రేసమ్మ మెల్లిగా.

"చెప్పేదేముంది పిన్నీ, ఇక్కణ్ణుంచి కనపడతానే ఉందిగా," అంది ప్రేమకుమారి వసారాలోంచి. మంచంపట్టె పట్టుకుని లేచి నిలబడి ఉంది. "ఉయ్యాల ఉంది. బిడ్డ ఉంటాడు. అంతవరకు నయమే." ఆ మాట అని, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే కూలబడిపోయింది. భయపడిందని అక్కడ మిగిలినవాళ్ళకి తెలుస్తూనే ఉంది.

అప్పటిదాకా అరుగు మీద ఊరికే కూచున్న ఏసోబు లేచాడు. గ్రేసమ్మకి అన్న అతను. "ఒక మాట అంటా, తిట్టమాక బావా. మూడేళ్ళ కిందట నేనూ కనపళ్ళేదు. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను పోయి సాగర్లో మట్టిపని చేసుకున్నా. చచ్చానా ఏంది? ఈ చెట్టుకింద లేరని చూపిస్తది గాని, యాడా లేరని చూపిచ్చదుగా."

జక్కయ్య వసారాలో కూలబడ్డ కూతురి వైపు చూశాడు. తర్వాత, "బండి కట్టు," అన్నాడు.

నడికుడిలో రైలెక్కి గుంటూరు చేరారు. పెద్దాసుపత్రిలో ప్రేమకుమారికి మూర్ఛలొచ్చాయి, కడుపు కోసి బిడ్డని తీశారు. పేటలోనే ఉండుంటే పిచ్చమ్మ చేతుల్లో ఏమయ్యేదో జక్కయ్య ఊహించుకోలేకపోయాడు. మగపిల్లాడు. తల్లి కళ్ళు తెరిచింది, గంజి తాగింది, వారానికి లేచి కూచుంది. అయినా అతనికి భయం తీరలేదు. ఎండాకాలం ఇంకా రాలేదు.

"పిల్లోణ్ణి తీసుకుపోతానమ్మా," అన్నాడు ఒకరోజు, కూతురి వైపు చూడకుండా. "వాడి చోటు అక్కడుంది. ఉయ్యాల ఖాళీగా ఉంటే వాడికేమవుద్దో నాకు తెలవదు. ఈ వేసవి నువ్వు ఆ చెట్టు దగ్గరికొస్తే నీకేమవుద్దో నాకు తెలుసు."

"పాలు?"

"మీ పిన్ని ఇస్తది."

ప్రేమకుమారి బిడ్డకి ఆ పూట పాలిచ్చి, మూతి తుడిచి, తండ్రి చేతుల్లో పెట్టింది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసే కృపామణి ఇంట్లో ఆమెను ఉంచారు. కృపామణి జక్కయ్యకి మేనత్త కూతురు, మాట కరుకు గాని మనిషి మంచిది. పాలు నిండి రొమ్ములు సలిపితే ప్రేమకుమారి పెరట్లోకి పోయి మందారం మొదట్లో పిండుకునేది. అది చూసి కృపామణి కూడా కళ్ళు తుడుచుకునేది.

ఎండలు ముదిరాయి. కానుగ చిగురించి, ఆకు ముదిరి, నీడ పరిచింది. అందరూ ఆ రోజు కనపడిన చోట్లలోనే చాపలు వేసుకున్నారు. గ్రేసమ్మ ఉయ్యాల ఊపుతుంటే, జక్కయ్య మొదట్లో కూచుని చుట్ట ఆరిపోయినా తెలియక దారివంకే చూసేవాడు. దూరాన ఆడమనిషి కనపడితే చాలు, లేచి నిలబడేవాడు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చేసింది. చంకలో మూట, కాళ్ళకి చెప్పుల్లేవు. అప్పుడే ఉయ్యాల్లో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. జక్కయ్య పరుగెత్తి, చెట్టుకి ఇంకా చానా దూరంలోనే రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కసారి చూసి పోతా నాయనా."

"రావద్దు. వెనక్కి పో."

"నా పిల్లోడు ఏడుస్తన్నాడు."

"ఏడవనీ. పో అంటన్నానా!" కూతుర్ని ఎన్నడూ కసురుకోని మనిషి రాయి తీసి పట్టుకున్నాడు. విసిరేవాడు కాదు, అది ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ రాయిని చూసి కాదు, అతని మొహం చూసి వెనక్కి తిరిగింది. నడికుడి స్టేషను దాకా అతను వెనకాలే నడిచాడు.

తొలకరి పడింది. దుక్కులు మొదలై చెట్టుకింద కూచునే తీరిక ఎవరికీ లేకపోయింది. చాపలు లేచాయి, ఉయ్యాలని ఇంట్లో దూలానికి కట్టారు. అప్పుడు జక్కయ్యే గుంటూరు పోయి కూతుర్ని తీసుకొచ్చాడు.

ప్రేమకుమారి గడపలో కాళ్ళు కడుక్కుని, పరుగున పోయి పిల్లాణ్ణి ఎత్తుకుంది. వాడు ఆమె మొహం కేసి ఒక్క క్షణం చూసి, కెవ్వుమని, రెండు చేతులూ గ్రేసమ్మ వైపు చాచాడు. గ్రేసమ్మ సిగ్గుపడి, ఎటు చూడాలో తెలియక నిలబడిపోయింది. జక్కయ్య గోడకి ఆనుకుని, తల్లికీ బిడ్డకీ మధ్య తానెంత పని చేశాడో చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇటియ్యమ్మా, ఊరుకోబెట్టి మళ్ళీ ఇస్తా," అంది గ్రేసమ్మ.

ప్రేమకుమారి ఇవ్వలేదు. గింజుకుంటున్న పిల్లాణ్ణి గుండెకి ఇంకా గట్టిగా హత్తుకుంది.

"ఏడవనియ్యి పిన్నీ," అంది. "నన్ను చూసి ఏడవటానికి నేనున్నాగా."